ఇతరులు నడిపిన కారు: కొనుటకు ముందు పరీక్ష

(భిలాయిలో మన సంఘ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



కార్యవర్గమువారు నన్ను పిలిచి, వాడిన కార్లను కొనుటను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కోరినపుడు నాకు సంకోచము కలిగినది. నేను ఆర్ట్సు పట్టభద్రుడను. సచివాలయమున ఫైళ్ళ నడుమ రెండు దశాబ్దములు గడిపినవాడను. ఈ ఊరు ఇనుమును కరగించి పట్టాలుగా సాగదీయు ఊరు. ఇచ్చట ఇంజనును గూర్చి నేను మాటలాడుట, కొల్లేటివారికి చేపలను గూర్చి చెప్పుట వంటిది. అయినను ఒక కారణమున అంగీకరించితిని. ఈ విషయమున నేను మోసపోయినవాడను. మోసపోనివాడు చెప్పు నీతికంటె మోసపోయినవాడు చెప్పు అనుభవమే వినువారికి ఎక్కువ ఉపయోగించునని మన కార్యదర్శిగారి అభిప్రాయము. ఆ అభిప్రాయమును కాదనలేక మీ ఎదుట నిలిచితిని.

నేను చెప్పబోవునది అన్ని పాత కార్లను గూర్చి కాదు. ఒకప్పుడు ఏబది లక్షలో, అరువది లక్షలో పలికి, లక్ష కిలోమీటర్లు దాటిన పిదప మన అందుబాటులోనికి దిగివచ్చు వేగవంతమైన విలాసపు కార్లను గూర్చి. అట్టివి మనవంటి జీతగాండ్రకు ఏల యని మీరడుగవచ్చును. కారణము ధరయే. 1995లో మెర్సిడెస్ బెంజి వారు పుణెలోను, 2007లో బి.ఎం.డబ్ల్యు. వారు చెన్నైలోను కార్లను కూర్చుట ఆరంభించిరి. నాటినుండి అట్టి బండ్లు మన దేశపు రోడ్లపై పెరిగినవి. క్రొత్తవిగా ఉన్నపుడు వానిని సంపన్నులు కొందురు. ఆరేడేండ్లకు వారికి మోజు తీరును. పదేండ్లకు దాని వెల మొదటి వెలలో ఐదవ వంతుకు పడిపోవుటయు కలదు. అంతట ఒక చిన్న క్రొత్త కారు ధరకు సింహాసనము వంటి జర్మను కారు లభించునట్లు కనబడును. అదిగో, అచ్చట మనబోటివాని మనస్సు జారును.

దీనికి తోడు ఢిల్లీ వ్యవహార మొకటి కలదు. పదేండ్లు దాటిన డీజిలు బండ్లు, పదునైదేండ్లు దాటిన పెట్రోలు బండ్లు రాజధాని ప్రాంతమున తిరుగరాదని 2014, 2015 సంవత్సరములలో జాతీయ హరిత ట్రిబ్యునలు ఆదేశించెను. 2018లో సుప్రీంకోర్టు ఆ ఆంక్షను నిలిపెను. తరువాతి కాలమున ఆ ఉత్తర్వులలో మార్పులు వచ్చినవి. కాని ఆ భయముచేత అక్కడి డీజిలు కార్లు అనేకము ఇతర రాష్ట్రములకు తరలి చవుకగా అమ్ముడుపోయినవి. మన రాయపూరు, దుర్గు బజారులకును అట్టివి వచ్చినవి.

ఇక్కడ మొదట గ్రహింపవలసిన సత్య మొకటి కలదు. కారు ధర తగ్గినది గాని, దాని విడిభాగముల ధర తగ్గలేదు. పది లక్షలకు కొన్నను, అరువది లక్షల కారుకు తగిన బ్రేకులు, అరువది లక్షల కారుకు తగిన టైర్లు, అరువది లక్షల కారుకు తగిన గేరుబాక్సే దానికి కావలెను. సంస్థానాధీశుడు ఏనుగును ఊరక ఇచ్చినను, మేత ఊరక రాదు గదా.

ఇక నా కథ. నాలుగేండ్ల క్రిందట రాయపూరులో ఒక మధ్యవర్తి వద్ద అట్టి కారు చూచితిని. 2014 నాటి బండి. ఆరు సిలిండర్ల డీజిలు ఇంజను. నల్లని రంగు, అద్దమువలె మెరయుచున్నది. మీటరుపై 62,000 కిలోమీటర్లు. అడిగిన వెల పదునొకండు లక్షలు. మా అమ్మాయి కళాశాల చదువునకై బ్యాంకులో వేసియుంచిన డిపాజిటు సరిగా అంతే ఉన్నది. "ఇప్పటికి తీసి, రెండేండ్లలో మరల నింపెదను" అని నాకు నేనే ఒక నోటు వ్రాసికొని, నేనే ఆమోదించుకొంటిని. ఫైలు ఒకే బల్లపై పుట్టి, అదే బల్లపై ముగిసినచో ఏమగునో మీకు తెలియును. ఆ సాయంకాలమే పాతికవేలు బయానా ఇచ్చి వచ్చితిని.

ఇంటికి వచ్చి సంతోషముతో చెప్పగా, మా శ్రీమతి ఒక్క ప్రశ్న అడిగినది: "ఎవరికైనా చూపించారా?" నా వద్ద సమాధానము లేదు.

మరునాడు పవర్‌హౌసు ప్రాంతమున పనిచేయు ఒక మెకానికును వెంటబెట్టుకొని పోతిని. ఆయన తండ్రి విజయనగరము జిల్లానుండి ఇచ్చటకు వచ్చినవాడు. ఆయన కారు చుట్టు తిరుగలేదు, తలుపు తెరువలేదు. బోనెట్టుపై అరచేయి ఆనించి నిలిచి, నా వంక చూచి మెల్లగా అన్నాడు: "బాబుగారండీ, ఇంజను వెచ్చగుంది. మనమొస్తామని తెలిసి పొద్దున్నే తిప్పీసినారు. చల్లారినాక చూడాలి గాని, ఇప్పుడు చూసి లాభం లేదు. రేపు చెప్పకుండా వద్దాం."

అట్లే మరునాడు తెల్లవారుజామున చెప్పకుండ పోయితిమి. ఇంజను చల్లగా ఉన్నది. తాళము తిప్పగానే ఇంజను వెనుక భాగమునుండి గొలుసు కొట్టుకొన్నట్లు ఒక చప్పుడు, రెండు మూడు క్షణములు వినబడినది. గొట్టమునుండి నీలిపొగ వెడలినది. మెకానిక్ తన స్కానరును తగిలించి, ఇంజను కంప్యూటరును విడిచి, గేరుబాక్సు కంప్యూటరును అడుగగా, అది 1,58,000 కిలోమీటర్లని చెప్పెను. మీటరు 62,000 అనుచున్నది. ఒకే బండిలో రెండు నాలుకలు! పాతికవేల బయానా తిరిగి రాలేదు. దానిని నేను గురుదక్షిణగా లెక్కించుకొంటిని.

ఆ దినమున ఇంటికి వచ్చుచుండగా నాకు మా తాతగారు జ్ఞప్తికి వచ్చిరి. ఎద్దులను కొనుటకు ఆయన సంతకు పోవునపుడు చిన్నవాడనైన నేను వెంట పోవుచుండెడివాడను. బేరగాడు తువ్వాలు క్రింద చేతివ్రేళ్ళు పట్టి ధర చెప్పుచుండగా, ఆయన తొందరపడెడివారు కారు. నోరు తెరచి పండ్లు చూచెడివారు. గిట్టలు చూచెడివారు. నడిపించి, ఇసుకలో బండికి కట్టించి చూచెడివారు. అన్నియు నచ్చిన పిదప గూడ అమ్మువాని ఊరు పోయి, ఆ ఎద్దు పెరిగిన కొట్టమును చూచి వచ్చెడివారు. "ఎద్దును చూస్తే సగమే తెలుస్తుందిరా, అది మేసిన ఇంటిని చూడాలి" అనెడివారు. నేను మూడు పరీక్షలు పాసైతిని గాని, ఈ ఒక్క పాఠము మరచితిని.

సోదరులారా, నేను ఈ సభలో చెప్పదలచిన ముఖ్య విషయ మిదియే. ఎక్కువ దూరము నడచుట కారునకు దోషము కాదు. నడచిన దూరమును దాచుట దోషము, నడచిన కాలమున సాకకుండుట దోషము. ఈ మాట భిలాయివారికి నేను వేరుగ నిరూపింప నక్కరలేదు. 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాదుగారు ఇచ్చటి మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించిరి. ఫర్నేసు లోపలి ఇటుకల కవచము కాలక్రమమున అరుగును. అరిగినదని ఫర్నేసును పారవేయరు. నిలిపి, చల్లార్చి, క్రొత్త కవచము పేర్చి మరల వెలిగింతురు. ఎన్నడు నిలిపిరి, ఏమి మార్చిరి అను లెక్క పుస్తకమున ఉండును. యంత్రము వయస్సు కాదు, దాని లెక్క పుస్తకమే దాని ఆయువు.

ఇక పరీక్షా క్రమమును చెప్పెదను. ఇది నా మెకానిక్ మిత్రుడు నేర్పినది, తరువాత నేను చదివి, అడిగి తెలిసికొన్నది.

మొదటిది కాగితములు. ఇది మన వృత్తియే గనుక ఇందు మనకు భయము లేదు. కారు సర్వీసు చరిత్రను ఒక ఫైలువలె చదువుడు. పుటల సంఖ్యలు వరుసగా ఉన్నవా? 40,000 తరువాత ఒక్కసారి 85,000 వచ్చినచో నడుమ పుటలు ఏమైనవి? కిలోమీటర్ల అంకె ఒక సంవత్సరము పెరిగి, మరు సంవత్సరము తగ్గినదా? నేను మోసపోయిన బండికి 2019లోనే 1,21,000 కిలోమీటర్లని ఒక వర్క్‌షాపు బిల్లు ఉన్నట్లు తరువాత తెలిసినది. అట్టి బిల్లులు కంపెనీ వర్క్‌షాపుల కంప్యూటర్లలో ఉండును. యజమాని అంగీకారముతో వానిని అడిగి తీసికొనవచ్చును. అంగీకరింపని యజమానిని గూర్చి వేరుగ విచారింప నక్కరలేదు.

రిజిస్ట్రేషను పత్రమును ప్రభుత్వమువారి వాహన్ వివరములతో సరిచూడుడు. ఎందరు యజమానులు మారిరి, బ్యాంకు అప్పు తీరినదా, చెల్లింపని జరిమానాలున్నవా, ఇన్సూరెన్సు ఎన్నటివరకు ఉన్నదో అందు తెలియును. పత్రముపైని ఛాసిస్ సంఖ్యను బండిపై చెక్కిన 17 అక్షరముల సంఖ్యతో అక్షరమక్షరము పోల్చుడు. అప్పు తీరినచో 35వ నంబరు ఫారము, యాజమాన్యపు మార్పునకు 29, 30 నంబర్ల ఫారములు, వేరు రాష్ట్రపు బండియైనచో 28వ నంబరు ఫారముపై నిరభ్యంతర పత్రము కావలెను. ఆ పత్రము ఏ జిల్లా పేరున ఇచ్చిరో చూడక డబ్బు చెల్లింపరాదు.

అమ్మువారికిని ఒక హెచ్చరిక. బండి ఇచ్చివేసి, పేరు మార్పించుటను కొన్నవాని దయకు విడువకుడు. రిజిస్టరులో పేరున్నవాడే చట్టరీత్యా యజమాని యని, ప్రమాదము జరిగినచో పరిహార బాధ్యత వానిదేనని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పెను. కొన్నవాడు పదునాలుగు దినములలో ఇన్సూరెన్సును తన పేరునకు మార్చుటకు దరఖాస్తు చేయవలెను.

రెండవది శరీరము. బండిని పగటి వెలుతురులో, తడిలేనపుడు చూడుడు. వానలో, దీపముల క్రింద ప్రతి కారును పెండ్లికూతురే. రంగు మందమును కొలుచు చిన్న పరికరము మెకానిక్కుల వద్ద ఉండును. ఫ్యాక్టరీ రంగు సామాన్యముగా 100 మొదలు 150 మైక్రాన్ల వరకు ఉండును. ఒక తలుపుపై మాత్రము అది మూడు నాలుగు వందలు చూపినచో, ఆ రంగు క్రింద పుట్టీ ఉన్నదని అర్థము. బోనెట్టు, ఫెండర్ల బోల్టులపై రంగు చెదరినదా, పానా పట్టిన గుర్తులున్నవా చూడుడు. ఫెండరు మార్చిన మాత్రమున పెద్ద దోషము కాదు. కాని చక్రములను మోయు లోపలి చట్రము వంగి, దానిని సాగదీసి వెల్డింగు చేసియున్నచో ఆ బండిని ఏ ధరకును కొనరాదు.

వరదనీట మునిగిన కార్లను గూర్చి మనవారు ప్రత్యేకముగా జాగ్రత్తపడవలెను. 2015 డిసెంబరులో చెన్నై నగరమున, 2020 అక్టోబరులో హైదరాబాదున, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో వేలకొలది బండ్లు మునిగినవి. వానిలో కొన్ని ఇన్సూరెన్సు వేలములలో అమ్ముడుపోయి, కడుగబడి, వేరు ఊళ్ళలో మరల అమ్మకమునకు వచ్చుట వింత కాదు. సీటుబెల్టును చివరివరకు బయటకు లాగి చూడుడు. కడిగినవాడు అంతదూరము కడుగడు, అచ్చట బురద చార కనబడును. స్టెప్నీ టైరు గుంటలో, తివాసి క్రింద, సీట్లను బిగించు బోల్టులపై తుప్పు చూడుడు. అత్తరు వాసన ఎక్కువగా కొట్టు కారు ఏదో వాసనను దాచుచున్నదని అనుమానింపుడు.

మూడవది ఇంజను. ఇది తప్పక చల్లగా ఉండవలెను. బోనెట్టుపై చేయి పెట్టుట మరువకుడు. మొదటి పది క్షణముల చప్పుడు గంటసేపటి ఉపన్యాసముకంటె ఎక్కువ చెప్పును. నీలిపొగ ఆయిలు కాలుచున్నదని, ఆగక వచ్చు తెల్లపొగ శీతలజలము సిలిండరులోనికి పోవుచున్నదని, నల్లపొగ ఇంధనము పూర్తిగా కాలుట లేదని సూచించును. ఆయిలు మూత తీసి చూచినపుడు మీగడవంటి నురుగున్నచో నీరు, ఆయిలు కలిసినవని అనుమానింపవలెను. చలికాలమున కొంచెము దూరమే నడచు బండ్లలో ఇది స్వల్పముగా ఉండుట కలదు గనుక రెండు గుర్తులు కలిసినపుడే తీర్పు చెప్పవలెను.

టైమింగు చెయిను చప్పుడును ప్రత్యేకముగా వినవలెను. బి.ఎం.డబ్ల్యు. వారి ఎన్‌47 అను నాలుగు సిలిండర్ల డీజిలు ఇంజను 2007లో వచ్చినది. దాని చెయిను ఇంజను వెనుక, గేరుబాక్సు వైపున ఉన్నది. అది అరుగుట చాల దేశములలో ప్రసిద్ధమైన లోపము. ముందువైపున ఉన్న చెయినును మార్చుట ఒక పని, వెనుకనున్నదానిని మార్చుటకు ఇంజనునో, గేరుబాక్సునో దించవలసి వచ్చుట వేరొక పని. తెగినచో వాల్వులు, పిస్టన్లు తాకి ఇంజను మొత్తమే పోవచ్చును. కావున కొనదలచిన బండిలో ఏ ఇంజను ఉన్నదో, దాని ప్రసిద్ధ రోగమేదో ముందుగా తెలిసికొని పోవుడు.

డీజిలు బండ్లలో పొగమసిని పట్టు వడపోత యొకటి ఉండును. దానిని డి.పి.ఎఫ్. అందురు. పెద్దరోడ్డుపై కొంతసేపు వేగముగా పోయినపుడే అందలి మసి కాలి శుభ్రపడును. సెక్టారులోని క్వార్టరునుండి ఆఫీసుకు, ఆఫీసునుండి సివిక్ సెంటరుకు రెండు మూడు కిలోమీటర్లు మాత్రమే తిరుగు కారున అది మూసికొనిపోవును. ఇందు మనకొక వింత తెలియుచున్నది. ఊరిలోనే 50,000 కిలోమీటర్లు తిరిగిన కారుకంటె, హైవేపై లక్ష కిలోమీటర్లు నడచిన కారు ఆరోగ్యముగా ఉండుట కలదు. మీరు కొన్న పిదప దానిని ఎట్లు నడపెదరో గూడ ఆలోచింపవలెను.

నాల్గవది గేరుబాక్సు. ఆటోమాటిక్ గేరుబాక్సులో ఆయిలు జీవితాంతము మార్చనక్కరలేదని కొందరు అమ్మకపువారు చెప్పుదురు. ఎవరి జీవితాంతమో వారు చెప్పరు. అనేక జర్మను కార్లకు గేరుబాక్సులు చేయు జెడ్.ఎఫ్. సంస్థవారే 80,000 మొదలు 1,20,000 కిలోమీటర్ల లోపల ఆయిలు మార్చుట మంచిదని చెప్పియున్నారు. మార్చిన బిల్లున్నదా అడుగుడు. చల్లని బండిని ముందుగేరునుండి వెనుకగేరునకు మార్చినపుడు ఆలస్యమైనను, ధబాలున తన్నినను అనుమానింపుడు.

ఐదవది చక్రములు, బ్రేకులు, సస్పెన్షను. టైరు ప్రక్కన నాలుగంకెల సంఖ్య యొకటి ఉండును. 2319 అని ఉన్నచో 2019వ సంవత్సరము 23వ వారమున తయారైనదని అర్థము. 30,000 కిలోమీటర్లే నడచినదను పదేండ్ల కారుకు రెండవసారి, మూడవసారి టైర్లు మారియున్నచో లెక్క కుదురదు. బ్రేకు డిస్కుపై కనిష్ఠ మందము ఎంతయో చెక్కియుందురు. కొలిచి చూడవచ్చును. కొన్ని కార్లకు స్ప్రింగులకు బదులు గాలితిత్తులుండును. 1998 నాటి బెంజి ఎస్-క్లాసులో ఇది ఎయిర్‌మాటిక్ అను పేర వచ్చినది. ఆ తిత్తులు రబ్బరువి. కాలక్రమమున పగులును. సాయంకాలము చక్రముపై ఫెండరు ఎత్తును టేపుతో కొలిచి వ్రాసికొని, మరునాటి ఉదయము మరల కొలువుడు. ఒక మూల క్రుంగియున్నచో గాలి పోవుచున్నది.

ఇది కేవలము ఖర్చు సంగతి కాదు. మనలో అనేకులు సంక్రాంతికి కారులోనే స్వస్థలము పోవుదురు. కేశకాల్ ఘాటు పండ్రెండు మలుపులు ఎక్కి, జగదల్‌పూరు, కోరాపుటు దాటి, సాలూరు ఘాటు మీదుగా విజయనగరము చేరు దారిలో వెనుక సీటున మన పిల్లలు, తల్లిదండ్రులు నిద్రించుచుందురు. అరిగిన డిస్కు, పగిలిన బుష్షు ఆ మలుపులలో లెక్క తేల్చును.

ఆరవది స్కానరు. ఇంజను కంప్యూటరును మాత్రమే గాక, గేరుబాక్సు, బ్రేకులు, ఎయిర్‌బ్యాగులు మొదలగు అన్ని కంప్యూటర్లను చదివించుడు. కిలోమీటర్ల అంకె పలుచోట్ల నిలువయుండును. మీటరును త్రిప్పినవాడు అన్నిటిని త్రిప్పలేకపోవుట కలదు. మరియొక సూక్ష్మము: దోషసంకేతములను క్రిందటి దినమే చెరిపివేసినచో, స్వయంపరీక్షలు ఇంకను పూర్తి కాలేదని అదే కంప్యూటరు చూపును. దోషము లేని బండియని మురిసిపోకుడు, దోషపు జాబితా తుడిచిన బండి కావచ్చును.

చివరిది నడక. కనీసము ఒక గంట నడుపుడు. ఊరిలో మెల్లగా, హైవేపై చట్టమునకు లోబడిన వేగమున, గతుకులపైన, ఎత్తుపైన నడుపుడు. రేడియో ఆపుడు. అమ్మువానిని మాటలాడవలదని మర్యాదగా కోరుడు. ఆ తరువాత బండిని లిఫ్టుపై ఎత్తించి క్రింద చూడుడు. ప్రతి అద్దమును, ప్రతి మీటను నొక్కి చూడుడు. విలాసపు కారులో పనిచేయని ఒక్కొక్క మీటయు వేలతో లెక్క.

ఇన్ని చూచిన పిదప ఒక కాగితముపై దోషములను, వాని మరమ్మతు వ్యయమును వ్రాసి, ధర మాటలాడుడు. నా నియమ మొకటి: కారు ధరలో నాలుగవ వంతు చేతిలో మిగిలియున్నగాని అట్టి కారును కొనరాదు. ఉన్నదంతయు పోసి కొన్నవాడు కారును కొనలేదు, దానికి అప్పుపడినాడు.

కేంద్ర ప్రభుత్వోద్యోగులకు మరియొక మాట. 1964 నాటి ప్రవర్తనా నియమావళిలో 18వ నియమము ప్రకారము, రెండు నెలల మూలవేతనమునకు మించిన చరాస్తిని కొన్నను, అమ్మినను నెల దినములలో పై అధికారికి తెలుపవలెను. మనతో అధికార వ్యవహారము గలవానితో బేరమైనచో ముందుగా అనుమతి పొందవలెను. చవుకగా వచ్చు కారు ఎవరివద్దనుండి వచ్చుచున్నదో చూచుట గూడ పరీక్షలో భాగమే.

తుదకు నేనేమి చేసితినని మీరడుగుదురు. అమ్మాయి డిపాజిటును కదపలేదు. ఏడాదిన్నర ఆగి, వేరుగ కూడబెట్టితిని. పిమ్మట ఒక వృద్ధ వైద్యునివద్ద 1,46,000 కిలోమీటర్లు నడచిన బండి దొరికినది. ఆయన ఒక అట్టపెట్టె తెచ్చి బల్లపై పెట్టెను. మొదటి సర్వీసునుండి చివరి బల్బు వరకు ప్రతి బిల్లు వరుసగా ఉన్నది. "ముందు బుష్షులు పోయినాయి, గేరుబాక్సు ఆయిలు మార్చే వేళయింది, నేను చేయించలేదు, ఆ మేరకు ధర తగ్గించుకోండి" అని తానే చెప్పెను. మెకానిక్ మిత్రుడు రెండు గంటలు వెదకి, ఆయన చెప్పినవి తప్ప వేరు దోషమును కనుగొనలేకపోయెను. తాతగారు చెప్పిన ఆ "మేసిన ఇల్లు" నాకు ఆ అట్టపెట్టెలో కనబడినది. ఎనిమిది లక్షలకు కొంటిని. మొదటి యేడు మరమ్మతులకు రెండు లక్షలకు కొంచెము తక్కువ వ్యయమైనది. ముందుగా ఎంచినదే గనుక నిద్ర చెడలేదు. నాటి బేరమే ముగిసియున్నచో ఆ గొలుసు చప్పుడునకు మా అమ్మాయి చదువు ఆహుతియై యుండెడిది. ఇప్పుడామె కళాశాలలో రెండవ సంవత్సరము చదువుచున్నది. గడచిన సంక్రాంతికి ఆ కారులోనే కేశకాల్ ఘాటు ఎక్కితిమి. మా శ్రీమతి దారి పొడవున నిద్రించినది. దానికంటె గొప్ప యోగ్యతాపత్రము నేనెరుగను.

మీలో ఎవరైనను అట్టి బండిని కొనదలచినచో, బయానా ఇచ్చుటకు ముందు ఇంటివారు అడుగబోవు ప్రశ్నను మీరే అడిగికొనుడు: "ఎవరికైనా చూపించామా?" నాకు తెలిసిన ఆ మెకానికు వద్దకు తోడుగా వచ్చుటకు నేను సిద్ధముగా ఉన్నాను. ఉదయము ఆరు గంటలకు, ఇంజను చల్లగా ఉన్నపుడు.